కారు అద్దం దించినా కీచు, ఎత్తినా కీచు. అద్దాన్ని ఎత్తి దించే మెషిన్ మార్చాలంటున్నారు, నిజమేనా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
అందరికీ నమస్కారం. నాది 2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ముందు ఎడమ పక్క అద్దం బటన్ నొక్కితే చాలు, కీచుమని అరుస్తోంది. డ్రైవర్ పక్క అద్దం మాత్రం చప్పుడు లేకుండా ఎక్కి దిగుతోంది. ఆ ఎడమ సీట్లో ఎప్పుడూ మా మావగారే కూర్చుంటారు. మొన్న అరసవల్లి గుడి దగ్గర కొబ్బరికాయలు కొందామని ఆయన అద్దం దించితే, కొట్టులో ఉన్నావిడ ఉలిక్కిపడింది. ఇక మావగారు ఏసీ వద్దు, అద్దమూ వద్దు అని ముడుచుకు కూర్చున్నారు.

ఊళ్లో ఒక షెడ్డులో చూపించాను. డోర్ తెరవలేదు, చెయ్యి కూడా పెట్టలేదు, రెండుసార్లు బటన్ నొక్కి "మెషిన్ పోయింది సార్, మోటారుతో సహా సెట్టు మార్చాలి" అన్నారు. ఎస్టిమేటు వేలల్లో ఉంది. అద్దం ఎక్కడా ఆగట్లేదు, వంకర పోవట్లేదు. అరుపొక్కటే బాధ. మార్చించమంటారా?

పలాస జీడిపప్పు
కొబ్బరి నూని రెండు చుక్కలు ఎయ్ బావా. తలకి పనికొచ్చింది అద్దానికి పనికిరాదేటి?

సాలూరు క్లీనర్
పలాస బావా, ఆ నూని నువ్వే రాసుకో, పుణ్యం ఉంటాది.

నాగావళి బాబూ, మెషిన్ జోలికి ఇప్పుడే ఎల్లకండి. లారీల కాడ మొదలెట్టి ఇప్పుడు కార్ల డోర్లు ఊడదీసి బతుకుతున్నాను. మెషిన్ పోతే ఇలగ కీచుమనదు. కేబులు తెగడానికొస్తే లోపల కటకటమంటాది. అద్దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పు ఇరిగితే అద్దం ఒక పక్కకి ఒరిగి ఎక్కుతాది, ఒక్కోపాలి దబ్బుమని డోర్లోకి పడిపోతాది. మోటారు నీరసిస్తే గుర్రుమని నెమ్మదిగా ఎల్తాది. సన్నగా, పళ్లు జివ్వుమనేలాగ అరుస్తందంటే అది రబ్బరుకీ అద్దానికీ పడకపోడం.

ముందల నాకు ఇవి సెప్పండి. ఎక్కీటప్పుడా, దిగీటప్పుడా, రెండిట్లోనా? దారంతా అరుస్తాదా, ఒక్క చోటేనా? పొద్దున్న మంచు పడినప్పుడు ఎక్కువా, మజ్జాన్నం ఎండలో ఎక్కువా? జోరువానలో ఏటవుతాది? ఇవి తెలీకండా ఎవులు మందు సెప్పినా నమ్మొద్దు, నాను సెప్పినా సరే.

గంటస్తంభం (విజయనగరం)
క్లీనర్ గారు అడిగిన నాలుగు ప్రశ్నల్లోనే సగం వైద్యం ఉంది. అవెందుకు అడిగారో చెప్తాను, తర్వాత వచ్చి చదివేవాళ్లకి కూడా పనికొస్తుంది.

అద్దానికి రబ్బరు తగిలే చోట్లు మూడు. తలుపు ఫ్రేములో ముందు, పైన, వెనక తిరిగి, అక్కణ్నుంచి తలుపు లోపలికి దిగే గాడి ఒకటి. విడిభాగాల కొట్లో గ్లాస్ రన్ ఛానల్ అని అడగాలి. అద్దం తలుపులోకి దిగిపోయే గీత దగ్గర బయటివైపు ఒక పట్టీ, లోపలివైపు ఒక పట్టీ. వీటిని కొందరు బీడింగ్ అంటారు, కొందరు వెదర్ స్ట్రిప్ అంటారు. అద్దాన్ని ఒరుసుకునే చోట ఈ రబ్బర్ల మీద సన్నటి నైలాన్ నూగు అంటించి ఉంటుంది. ఆ నూగు ఉన్నంతకాలం అద్దం జారుతుంది. అది అరిగిపోయినా, దుమ్ముతో గట్టిపడినా రబ్బరు నేరుగా గాజుని పట్టుకుంటుంది. పట్టుకుంటుంది, సాగుతుంది, ఉండబట్టలేక వదిలేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. సెకనుకి కొన్ని వందలసార్లు ఇలా జరిగితే మనకి అది కీచుమని వినిపిస్తుంది.

మన ఊరివాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. 1919లో మహారాజా సంగీత కళాశాల పెట్టిన ఊరు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు నేర్పిన ఊరు. కమాను తీగని పట్టి వదిలి పట్టి వదిలితేనే కదా ఫిడేలు పలికేది. పనితీరు అచ్చంగా అదే, ఇక్కడ వాయించేవాడికి చెయ్యి తిరగలేదు అంతే.

ఇప్పుడు నీళ్ల పరీక్ష. అద్దం పైకి ఎత్తి, సీసాతో నీళ్లు అద్దం పొడుగునా, రెండు పక్కల గాళ్లలోకీ ధారాళంగా పోసి వెంటనే దించి ఎత్తండి. అరుపు తగ్గితే తప్పు రబ్బరుదే. నీళ్లు పోసినా ఏ మార్పూ లేకపోతే తలుపు లోపల చూడాలి. బాగా తడిపితేనే సుమా. మంచు పట్టినట్టు పల్చగా తడిస్తే అరుపు తగ్గకపోగా పెరుగుతుంది. చలికాలం పొద్దున్నే పక్కింటి కారు కూడా కూస్తుంది, దానికి ఏ జబ్బూ లేదు.

ఇంజన్ ఆన్‌లో పెట్టి చెయ్యండి. ఆపి ఉంటే బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది, నడుస్తుంటే 14 దగ్గర. మోటారు బలంలో ఆ తేడా తెలుస్తుంది. అదేపనిగా ఎత్తి దించుతుంటే చాలా కార్లలో మోటారు వేడెక్కి కాసేపు పనిచెయ్యడం మానేస్తుంది. కంగారుపడకండి, చల్లారాక అదే లేస్తుంది.

టెక్కలి పలక
మా దగ్గర కార్లన్నిటికీ ఇదే రోగం. క్వారీ రోడ్డు మీద ఒక వారం తిరిగితే అద్దం గాడిలో తెల్లటి పేస్టు తయారవుతుంది. గ్రానైట్ కోసినప్పుడు వచ్చే పొడి ముఖానికి రాసుకునే పౌడర్ కన్నా సన్నం, ఎక్కడికైనా దూరుతుంది. నాగావళి గారూ, మీరు ఎక్కువ ఎటు తిరుగుతారు?

ఒక మాట ముందే చెప్తున్నాను. గాలి కొట్టే షాపుకెళ్లి కంప్రెసర్ గొట్టం గాడిలో పెట్టి ఊదించొద్దు. ఉన్న దుమ్ము ఇంకా లోపలికి పోతుంది. ముందు వ్యాక్యూమ్‌తో పీల్చాలి, అది లేకపోతే మెత్తటి బ్రష్షుతో కిందకి రాల్చాలి.

కళింగపట్నం కెరటం
మీది పొడి, మాది ఇసక. అన్నట్టు మా తీరంలో ఇసక ఉత్త ఇసక కాదు. భీమిలి నుంచి బారువ దాకా ఒడ్డున నల్లటి చారలు, ఎర్రటి చారలు కనిపిస్తాయే, నల్లది ఇల్మనైట్, ఎర్రది గార్నెట్. కాఠిన్యం లెక్కలో కారు అద్దం సుమారు 5.5 అయితే మామూలు ఇసకలోని క్వార్ట్జ్ 7, గార్నెట్ 6.5 నుంచి 7.5. రెండూ గాజుని గీసెయ్యగలవు. బయటి పట్టీ కింద ఒక రేణువు ఇరుక్కుందా, అద్దం దించినప్పుడల్లా నిలువు గీత పడుతుంది. నా కారు వెనక అద్దాలు రెండూ అలాగే గీతలు పడ్డాయి. అవి పోయే ఉపాయం ఎవరికైనా తెలుసా? అరుపు కాదు, గీతల సంగతి.

నాగావళి గారూ, మీ అరుపులో గరగర కూడా కలిసి ఉంటే మాత్రం పరీక్షల కోసం మరి ఎత్తి దించకండి. ముందు కడగండి.

నాగావళి గట్టు
అందరికీ ధన్యవాదాలు. రోజూ ఆమదాలవలస వెళ్లొస్తాను, దారిలో రైస్ మిల్లుల బూడిద తప్పదు. సెలవుల్లో రాజాం.

క్లీనర్ గారు అడిగినవి. రెండు వైపులా అరుస్తుంది, ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువ. పొద్దున్న ఎక్కువ. జోరువానలో దాదాపు ఉండదు. గంటస్తంభం గారు చెప్పినట్టు నీళ్లు పోశాను. దారంతా వచ్చే సన్న కీచు పోయింది, ఆరాక మళ్లీ వచ్చింది. కానీ ఇంకోటి గమనించాను. అద్దం పూర్తిగా మూసుకునేముందు చివరి అంగుళంలో, తెరిచినప్పుడు మొదటి అంగుళంలో వేరే రకం చప్పుడు. ముదురుగా కిర్రుమంటుంది. నీళ్లు పోసినా అది మాత్రం మారలేదు. గరగర లేదు.

గంటస్తంభం
ఆ చివరి అంగుళం మాట మర్చిపోకండి. రెండూ వేరువేరు జబ్బులని నా అనుమానం. ముందు దారంతా వచ్చేది వదిలించుకోండి.

సాలూరు క్లీనర్
అవును, ముందల కడగడం. కడక్కండా స్ప్రే కొడితే దుమ్ముకి తేమ తగిలి ముద్దయిపోతాది. నాలుగు రోజులు బాగుంటాది, అయిదో రోజు ముందుకన్నా గట్టిగా అరుస్తాది. నా కాడికొచ్చీవాటిలో సగం బళ్లు ఇలగ ఎవులో స్ప్రే కొట్టీసినవే.

అద్దం పూర్తిగా దించీండి. పాత పళ్ల బ్రష్షుతో గాడిలో పొడిగా ఉన్న దుమ్ము రాల్చండి. బక్కెట్లో కార్ల షాంపూ నాలుగు చుక్కలు. గుడ్డ సన్నంగా ఐస్ పుల్లకి గానీ ప్లాస్టిక్ స్కేలుకి గానీ చుట్టి, తడిపి పిండి, గాడి లోపల పైనుంచి కిందకి లాగండి. స్క్రూ డ్రైవరు వాడకండి, గుడ్డ జారితే రబ్బరు చీరీస్తాది. వెనకపక్క నిలువు గాడిలోనే మురికి ఎక్కువుంటాది, ఎందుకంటే బండి ఎల్తుంటే గాలి దుమ్ముని అటే తోస్తాది. గుడ్డ నల్లగా వస్తాది, కడుక్కోండి, మళ్లీ లాగండి. తెల్లగా వచ్చీదాకా ఒగ్గొద్దు. పైనున్న గాడి మర్చిపోతారు సాన మంది, అదీ తుడవాలి. తరవాత బయట పట్టీ పెదవి చిన్నగా పైకెత్తి దానికిందా, లోపల పట్టీ కిందా అదే పని.

తరవాత అద్దం సగం ఎత్తి, దాని రెండు అంచులూ, రెండు మొహాలూ తుడవండి. సెల్‌ఫోన్ రిపేరు కొట్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతాది, దాంతో తుడిస్తే జిడ్డంతా పోతాది. డోర్లు తెరిచి నీడన ఆరబెట్టండి.

పన్లో పని, డోరు అడుగున అంచు కాడ చిన్న కన్నాలుంటాయి, నీళ్లు పోడానికి. సన్న పుల్లతో అవి తెరిచి ఉన్నాయో నేదో చూడండి. తుపానులప్పుడు బురద నీళ్లల్లో నిలబడ్డ బళ్లకి అవి పూడిపోయి, డోరు ఊపితే లోపల నీళ్లు గళగళమంటాయి. తిత్లీ అయిన ఏడాది అలగ ఎన్ని డోర్లు తుప్పట్టాయో.

అప్పుడు గానీ స్ప్రే. డబ్బా మీద సిలికాన్ అని ఉండాలి. దాని సన్న గొట్టం గాడిలో పెట్టి పైనుంచి కిందకి పల్చగా ఒక్క వరస. అద్దం నాలుగైదుసార్లు ఎత్తి దించి, గాజు మీదకొచ్చింది తుడిచీయండి. అంతే. పూజ సామాను తోమినంత పని, మెషిన్ మార్చీంత పని కాదు.

పలాస జీడిపప్పు
మేస్త్రీ, డబ్ల్యూడీ-40 డబ్బా ఇంట్లో ఉంది. అది ఉండగా మళ్లీ సిలికాన్ ఎందుకు? 300 నుంచి 500 దాకా ఖర్చు కదా.

గంటస్తంభం
ఆ మామూలు డబ్బా 1953లో తేమని తరమడానికి, లోహానికి తుప్పు పట్టకుండా చూడడానికి కనిపెట్టింది. తుప్పు పట్టిన నట్టుకి బ్రహ్మాండం. కానీ అందులో ఉండేది పెట్రోలియం సరుకు. మన తలుపు రబ్బరు ఎక్కువగా ఈపీడీఎం అనే రకం. ఎండని, వానని, గాలిలోని ఓజోన్‌ని ఏళ్ల తరబడి తట్టుకుంటుంది గానీ, పెట్రోలియం నూనెలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. ఒకసారి కొడితే కొంప మునగదు, తరచూ కొడితే రబ్బరు పాడవుతుంది. పైగా ఆ ద్రావకం ఆరాక మిగిలే పల్చటి పొర దుమ్ముని పట్టుకుంటుంది. అదే కంపెనీ సిలికాన్ స్ప్రే కూడా వేరే డబ్బాలో అమ్ముతుంది, అది వాడుకోవచ్చు. గ్రీజు, ఇంజన్ ఆయిల్, కిరోసిన్, మీ కొబ్బరి నూనె అన్నీ రబ్బరు దగ్గరకి రాకూడదు.

పలాస జీడిపప్పు
కొబ్బరి నూని మీద ఇంత పగేటి మీకు. పోనీ మొహానికి రాసుకునే పౌడరో? పంచరు కొట్టులో ట్యూబుకి చల్లుతారు కదా.

టెక్కలి పలక
పౌడర్ పనిచేస్తుంది, అబద్ధం చెప్పకూడదు. ఎండాకాలంలో అయితే చాలా రోజులే పనిచేస్తుంది. మొదటి వానకి పిండి ముద్దయి గాడిలో అంటుకుంటుంది. నాకైతే ఉన్న పొడి చాలు, కొత్త పొడి ఎందుకు?

రాజాం పెయింటర్
సిలికాన్ గురించి నా గోడు కూడా వినండి. స్ప్రే కొట్టేటప్పుడు డోర్ మీద, ఫెండర్ మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టండి. రేపెప్పుడో గీత పడిందని మా దగ్గరికి టచప్‌కి తెస్తారు. సిలికాన్ మిగిలిన చోట పెయింటు నిలబడదు, చేప కళ్లలా గుంటలు గుంటలు పడుతుంది. ఎంత తుడిచినా ఎక్కడో మిగులుతుంది, తిట్లు మాకు. ముందు అద్దం మీద అసలు పడనివ్వొద్దు, వానలో వైపర్లు తిరిగితే మసక పొర వస్తుంది. స్విచ్చుల వైపు కూడా వద్దు. డబ్బాని నేరుగా కొట్టే బదులు గుడ్డ మీద కొట్టి ఆ గుడ్డతో రాయడం నాకు నచ్చిన పద్ధతి.

బొబ్బిలి కోట
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నా డ్రైవర్ అద్దం ఒక్క నొక్కుతో పైకి వెళ్లిపోయే రకం. కొన్నాళ్లుగా ముప్పావు దాకా వెళ్లి, దానంతట అదే కిందకి వచ్చేస్తోంది. కీచు కొంచెం ఉంది గానీ ఎక్కువ కాదు. బటన్ పట్టుకుని కొద్దికొద్దిగా లాగితే మూసుకుంటుంది. ఇది కూడా రబ్బరేనా, కంప్యూటరా?

గంటస్తంభం
రబ్బరే కావచ్చండీ. చెయ్యి ఇరుక్కుంటే నలిగిపోకుండా మోటారు మీద బరువు హఠాత్తుగా పెరిగితే అద్దం వెనక్కి వచ్చేలా పెడతారు. గాడి బిగుసుకుపోయినా మోటారుకి అది చెయ్యిలాగే అనిపిస్తుంది. క్లీనర్ గారు చెప్పినట్టు కడిగి, స్ప్రే చేసి చూడండి. ఆ తర్వాత అద్దం పూర్తిగా మూసి, స్విచ్చు పైకి లాగి కొన్ని సెకన్లు అలాగే పట్టుకోండి. చాలా కార్లకి అలా కొత్తగా హద్దు నేర్పించాలి. బ్యాటరీ తీసి పెట్టినప్పుడు కూడా ఇదే. సరైన పద్ధతి మీ కారు పుస్తకంలో ఉంటుంది, అది డ్యాష్‌బోర్డు సొరుగులో కవరు కూడా చింపకుండా ఉండే ఉంటుంది.

పిల్లలు కారులో ఉండగా ఈ ప్రయోగాలు వద్దు. వెనక్కి వచ్చే ఏర్పాటు లేని అద్దం వేలిని వదలదు.

బొబ్బిలి కోట
పుస్తకం నిజంగానే కవర్లో ఉంది. చూస్తాను, థాంక్స్ అండీ.

నాగావళి గట్టు
ఆదివారం ఆ పనే పెట్టుకున్నాను. వెనక నిలువు గాడిలోంచి వచ్చిన మట్టి చూసి మా మావగారు "ఇందులో నారు పొయ్యొచ్చు" అన్నారు. గుడ్డలు నల్లగా వస్తూనే ఉన్నాయి. ఊక బూడిదే అయ్యుండాలి, వేళ్లకి మెత్తగా అంటుకుంటోంది. ఆరబెట్టి సిలికాన్ రాశాను, పెయింటర్ గారు చెప్పినట్టు గుడ్డతోనే.

దారంతా వచ్చే కీచు పూర్తిగా పోయింది. అద్దం వేగం కూడా పెరిగింది, ఇప్పుడు డ్రైవర్ వైపు దానితో సమానంగా ఎక్కుతోంది. కానీ ఆ చివరి అంగుళం కిర్రు అలాగే ఉంది. షెడ్డువాళ్లన్న మెషిన్ ఇదేనేమో అని మళ్లీ అనుమానం మొదలైంది.

గంటస్తంభం
మెషిన్ అయితే ఒక్క అంగుళంలోనే ఎందుకు అరుస్తుంది? చక్రం, కేబులు దారంతా తిరుగుతూనే ఉంటాయి కదా. పైన గాడిలో అద్దం దూరేటప్పుడు బిగుసుకుంటుందేమో అనుకోవచ్చు, కానీ దాన్ని మీరు కడిగారు. ఇంకొక్క ఆలోచన. అద్దం దాదాపు మూసుకునేసరికి లోపలి పట్టీకి ఎదురుగా వచ్చేది అద్దం అడుగుభాగం. అంటే మామూలుగా తలుపులో దాక్కుని, ఎప్పుడూ కంటికి కనపడని భాగం. అక్కడ ఏదో అంటుకుని ఉండాలి.

కారు సెకండ్ హ్యాండ్ అన్నారు. పాత ఓనరు నల్ల ఫిలిం వేయించుకున్నారా?

నాగావళి గట్టు
ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. వేయించారట, నాలుగు అద్దాలకీ. దారిలో పోలీసులు ఆపుతున్నారని అమ్మేముందు పీకించేశారట. ఎడమ ముందుది చిరిగిపోయి పీస్ పీసులుగా వచ్చిందట. ఇది మీకెలా తట్టింది సార్?

గంటస్తంభం
తట్టడానికేం లేదు, లక్షణం అదే చెప్తోంది. నల్ల ఫిలిం వద్దని 2012లో సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చాక ఫిలిం పీకిన కార్లు ఎన్నో. పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం, ముందు వెనక వాటిలోంచి 70 శాతం వెలుతురు రావాలన్నది మోటారు వాహనాల నియమం. ఫిలిం వేసేవాళ్లు అద్దం లోపలివైపు వేసి, కింది అంచుని లోపలి పట్టీ కిందకి కాస్త దోపుతారు. పీకేవాళ్లు కనిపించినంత మేర లాగేస్తారు. కింద కనపడనిది చిరిగి అక్కడే ఉండిపోతుంది, లేదా జిగురు మిగిలిపోతుంది. ఎండకి ఆ జిగురు ముదిరి పట్టీ నూగుని పట్టి లాగుతుంది. నీళ్లకి కరిగే జిగురు కాదు కాబట్టే మీ నీళ్ల పరీక్షలో ఆ చప్పుడు మారలేదు.

సాలూరు క్లీనర్
గంటస్తంభం గారు కూర్చున్న కాడ్నించే డోరు ఊడదీసీసారు. సరే, ఇప్పుడు నిజంగా ఊడదియ్యాలి. సొంతంగా చేస్తానంటే చెయ్యొచ్చు, తొందర పడకండి. ఒక మనిషి తోడుండాలి.

ముందల బ్యాటరీ నెగిటివ్ తీసీండి. కొత్త కార్లకి డోర్లోనే ఎయిర్ బ్యాగ్ సెన్సారు ఉంటాది కొన్నిటికి, అది ఊడదీసి ఉండగా తాళం తిప్పకూడదు. మీకు ఆ సెన్సారు ఉందో నేదో తెలీకపోతే చెయ్యి పెట్టొద్దు, తెలిసిన మేస్త్రీ కాడికి ఎల్లండి. బ్యాటరీ తీసీ ముందే అద్దం కొద్దిగా దించి ఉంచుకోండి, కరెంటు పోయాక దిగదు.

డోర్ ప్యాడ్‌కి, అదే డోరు లోపలి కవరుకి, స్క్రూలు రెండు చోట్ల దాగుంటాయి. తలుపు తీసే హ్యాండిల్ ఎనకాల చిన్న మూత కింద ఒకటి, చెయ్యి పెట్టుకునే గుంటలో ఒకటో రెండో. అవి తీసీసి, అడుగు అంచు కాణ్నించి ప్లాస్టిక్ పట్టీతో లేపుకుంటూ రండి. క్లిప్పులు టపటపమంటాయి, బెదరకండి. ఒకటో రెండో ఇరుగుతాయి, ముందే కొని పెట్టుకోండి. ప్యాడ్ పైకెత్తి తీసీటప్పుడు జాగర్త, ఎనకాల స్విచ్చు వైరుంటాది, కప్లర్ నొక్కి ఊడదియ్యాలి. లాగీకూడదు.

లోపల ప్లాస్టిక్ షీటు నల్ల జిగురుతో అంటించి ఉంటాది. అది చింపొద్దు. ఆ షీటు వాననీళ్లు మీ కాళ్లమీదకి రాకండా ఆపీది. పైన కావలసినంత మేర ఒలిచి, పని అయ్యాక ఎక్కడిది అక్కడే నొక్కీండి. అప్పుడు చెయ్యి పెడితే అద్దం అడుగు దొరుకుతాది. సబ్బునీళ్లతో నానబెట్టి ప్లాస్టిక్ స్క్రేపరుతో గీకితే ఫిలిం ముక్క వస్తాది, మిగిలిన జిగురు ఆల్కహాల్‌తో పోతాది. అద్దం బోల్టులు ఊడదియ్యక్కర్లేదు. ఊడదియ్యాల్సొస్తే ముందు అద్దాన్ని ఫ్రేముకి టేపుతో గట్టిగా కట్టాలి, నేపోతే జారి ఏళ్లమీద పడతాది.

లోపలకి చూసినప్పుడే మెషిన్ దారి కూడా చూడండి. లోహం మీద లోహం నడిచే చోట గ్రీజు ఎండిపోయి ఉంటే తెల్ల లిథియం గ్రీజు కొంచెం రాయండి. రబ్బరుకి మాత్రం అంటనివ్వొద్దు.

పలాస జీడిపప్పు
ఇంత రాసిన మేస్త్రీకి మా ఊరి జీడిపప్పు ఒక కేజీ బాకీ.

సాలూరు క్లీనర్
గుళ్లు కావాలి బావా, ముక్కలు పంపితే నూని డబ్బాతో సహా తిప్పి పంపిస్తాను.

నాగావళి గట్టు
సెన్సారు సంగతి నాకు తేలలేదు, అందుకని నేను ఊడదియ్యలేదు. రాజాం దారిలో తెలిసిన ఒక మేస్త్రీ ఉన్నాడు, కార్ల అద్దాలే వేస్తాడు. ఈ థ్రెడ్ ఫోన్లో చూపించి, "మెషిన్ వద్దు, లోపలి పట్టీ దగ్గర జిగురు చూడు" అన్నాను. కాస్త వింతగా చూశాడు గానీ ప్యాడ్ తీశాడు. అద్దం అడుగున, అంచు పొడుగునా గోరంత వెడల్పు నల్ల ఫిలిం ముక్క, దాని కింద పసుపు రంగు తిరిగిన జిగురు. లోపలి పట్టీ నూగు ఆ మేర చిట్లిపోయి ఉంది.

జిగురు తీసేశాక కిర్రు పోయింది. నూగు పోయిన చోట ఇప్పటికి సిలికాన్ రాశాడు. కొత్త పట్టీ వేయించుకోమన్నాడు. మెషిన్ కేబులు చూసి ఏ ఢోకా లేదన్నాడు. ఆ పట్టీ ఎలా అడగాలి? మార్కెట్లో రెండు మూడు రకాలు చూపిస్తున్నారు.

గంటస్తంభం
పేరు చెప్పి అడగొద్దు, ఛాసిస్ నంబరు ఇచ్చి అడగండి. ఆర్‌సీ మీద ఉంటుంది. దాన్ని బట్టి పార్ట్ నంబరు తీస్తారు. ముందు ఎడమ తలుపు, అద్దం దిగే చోట లోపలి పట్టీ అని విడమర్చండి. లేకపోతే తలుపు చుట్టూ ఉండే లావుపాటి రబ్బరు ఇచ్చేస్తారు. అది తలుపు మూసినప్పుడు గాలి, నీళ్లు ఆపే రబ్బరు, దీనికీ దానికీ సంబంధం లేదు. మీటర్ల లెక్కన కోసి ఇచ్చే బీడింగ్ కూడా వద్దు. దాని పెదవి మందం తేడాగా ఉంటే కొత్త అరుపు మొదలవుతుంది.

మిగిలిన మూడు అద్దాలకి కూడా ఫిలిం వేశారన్నారు కదా. అవి అరవట్లేదు కాబట్టి ఇప్పుడు కదపక్కర్లేదు. వెనక అద్దాలు మాత్రం అప్పుడప్పుడూ దించి ఎత్తుతుండండి. ఫాస్టాగ్ వచ్చాక మడపాం టోల్ గేటులో అయినా నాతవలస టోల్ గేటులో అయినా డ్రైవర్ అద్దం కూడా ఎవరూ దించట్లేదు, వెనకవాటి సంగతి చెప్పక్కర్లేదు. నెలల తరబడి మూసే ఉంచితే రబ్బరు గాజుకి కరుచుకుపోతుంది.

బొబ్బిలి కోట
గాడి కడిగి, పుస్తకంలో చెప్పినట్టు స్విచ్చు పట్టుకున్నాను. అద్దం ఒక్క నొక్కుతో మూసుకుంటోంది. ఒక్క డౌట్. అద్దం సగం దించి గతుకుల రోడ్డు మీద వెళ్తే టకటకమంటుంది, పూర్తిగా మూస్తే ఉండదు. ఇది మామూలేనా?

సాలూరు క్లీనర్
గాడి వదులైందమ్మా. సగం దించి, అద్దం పై అంచు పట్టుకుని ముందుకీ ఎనక్కీ, లోపలికీ బయటికీ ఊపి చూడండి. చిన్న కదలిక మామూలే. బాగా ఆడితే రన్ ఛానల్ తన గుంటలోంచి ఊడొచ్చిందేమో చూడండి, ఒక్కోపాలి వేలితో నొక్కితే కూర్చుంటాది. రబ్బరే అరిగిపోతే కొత్తది. కొత్తది ఏసినప్పుడు మొదట్లో అద్దం బిగుతుగా ఎల్తాది, మళ్లీ ఎనక్కి రావడం మొదలెట్టొచ్చు. అప్పుడు సిలికాన్ రాసి ఇంకోపాలి హద్దు నేర్పించండి.

కళింగపట్నం కెరటం
నా గీతల సంగతి ఎవరూ చెప్పలేదు.

రాజాం పెయింటర్
చెప్తానక్కా. గోరుతో గీత మీద అడ్డంగా లాగండి. గోరు తగలకపోతే సీరియం ఆక్సైడ్ పొడి నీళ్లలో కలిపి, ఫెల్టు చక్రంతో మెల్లగా పాలిష్ చేస్తే పల్చబడతాయి. గాజు వేడెక్కకుండా తడుపుతూ ఉండాలి, ఒక్కచోటే రుద్దకూడదు. రుద్దితే అక్కడ గాజు వంపు తిరిగి అవతల మనిషి వంకరగా కనిపిస్తాడు. గోరు తగిలేంత లోతు అయితే పాలిష్ వల్ల కాదు, అద్దం మార్చాల్సిందే. ఏది చేయించినా ముందు బయటి పట్టీ కింద ఇసక తీయించి, పట్టీ అరిగిపోయి ఉంటే మార్చండి. లేకపోతే కొత్త అద్దం మీద కూడా అవే గీతలు, అదే చోట.